పెదవులు కలవని భాష

కొత్తకోట పక్కన మన ఊరు,
18-5-1988.

బొంబాయిలో ఉన్న మా ఇంటాయనకు గోపమ్మ దండాలు పెట్టి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం, మీరక్కడ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ మాట రాయకపోతే ఉత్తరం ఉత్తరంలా ఉండదు కాబట్టి రాశాను. క్షేమం అంటే అందరం బతికే ఉన్నాం, పొయ్యి రోజూ వెలుగుతోంది. అంతవరకు నిజమే. మిగతాది చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం అందింది. ఒకసారి చదివి బియ్యం డబ్బా కింద పెట్టేశాను. కోపంలో జవాబు రాయకూడదని మా నాయిన చెప్పేవాడు, అందుకని ఆగాను. అంట్లు తోమాను, దొడ్డి ఊడ్చాను, పక్కింటి ఖాతూన్‌తో ఊరికే కయ్యం పెట్టుకున్నాను. పాపం ఆమె ఏమీ అనలేదు. ఇన్నాళ్లు ఆగినా కోపం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది, ఇక ఆగి లాభం లేదని కూర్చున్నాను.

ముందు మీరు అడిగిన వాటికి జవాబులు. నల్ల మేక ఈనింది, పిల్లలు రెండూ బాగున్నాయి. వెనక గోడ కొంత కూలితే మట్టి పిసికి నేనే పెట్టాను. బావి అడుగంటింది, బోరింగు దగ్గర పొద్దున్నే బిందె పెడితే మధ్యాహ్నానికి వంతు వస్తుంది. మీ దోస్తు ఐలేశం చెల్లెలి పెళ్లికి పోలేదు. ఎందుకు పోలేదంటే, ఇంట్లో మంచం మీద ఉన్న మనిషిని విడిచి ఎట్లా పోతాను? మన గొర్లు మీ చిన్నాయన కొడుకు మందలో కలిసి మేస్తున్నాయి. వాటికేం కొదవ లేదు. మేక సంగతి అడిగారు, గోడ సంగతి అడిగారు, బావి సంగతి కూడా అడిగారు. బాగానే ఉంది.

ఇక చివరన రాసిన మాట. “జానమ్మ ఆ పిచ్చి కూతలు మానిందా లేదా? ముసలాయనతో చేరి పిల్ల పాడైంది. జూన్‌లో హాస్టల్లో వెయ్యి, నోరు అదే తిరుగుతుంది” అని రాశారు. ఆ వాక్యం చదివినప్పుడే ఉత్తరం బియ్యం డబ్బా కిందికి పోయింది. పిచ్చి కూతలట! ఏడాదికి ఒకసారి వచ్చి, నాలుగు రోజులు ఉండి, కన్నతండ్రితో ఒక్క మాట కలపకుండా బస్సెక్కి పోయే మనిషికి ఇంట్లో ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారో ఏం తెలుస్తుంది? అందుకే మొదటి నుంచీ చెప్తాను. ఓపిగ్గా చదవండి. మధ్యలో బీడీ కోసం లేవకండి.

ఆ రోజు కొత్తకోట రోడ్డు దాటుతుంటే లారీ వచ్చి మందలో పడడం, మందలో సగం గొర్లు ఒక్కసారే పోవడం, మామ నలుగురిలో మిమ్మల్ని “నడుసుకుంట నిద్రపోయినవ్‌రా, గొర్లను కాయలేనోడు మనిషేంది” అనడం, మీరు తెల్లారి ఇంకో లారీ ఎక్కి బొంబాయి పోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. మీకు తెలియనిది ఆ తర్వాతిది. ఆ ఏడాదే జానమ్మకు మాట ఆగడం మొదలైంది. మీ వల్ల అని నేను అనను. పిల్లలకు అట్లా అవుతుందట, దవాఖానలో చెప్పారు. ముఖ్యంగా పెదవులు కలిసే చోట ఆగేది. బువ్వ అడగాలంటే మూతి బిగుసుకుపోయి, మెడ నరాలు లేచి, కళ్లలో నీళ్లు తిరిగేవి. బాపు అనలేదు. అమ్మ అనబోతే “అ” వరకు బాగానే వచ్చి అక్కడే తలుపు వేసుకున్నట్టు అయ్యేది. తోటి పిల్లలు మూతులు బిగించి దాని ముందే నాటకం ఆడేవాళ్లు.

నేను చేయని వైద్యం లేదు. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాశాను. చిలక కొరికిన జామపండు కోసం తోటలన్నీ తిరిగి తెచ్చి తినిపించాను. పీర్ మహమ్మద్ సాబు దగ్గర తాయెత్తు కట్టించాను. నోట్లో గులకరాయి పెట్టుకుని మాట్లాడితే పోతుందని ఎవరో చెప్తే అదీ చేశాను, పిల్ల ఆ రాయి మింగేసింది. దాని కోసం నేను పడ్డ యాతన నాకూ దేవుడికీ తెలుసు. “రెండు తగిలిస్తే మాట అదే వస్తుంది” అని మీరు రాశారు. అదొక్కటి చేయలేదు.

అప్పుడు మామ దాన్ని వెంట గుట్టకు తీసుకుపోయేవాడు. ఇంట్లో ఉంటే పిల్లలు ఏడిపిస్తారని, గొర్ల వెంబడి ఉంటే ఏ బాధా ఉండదని. ఒకరోజు సద్ది తీసుకుని పోతే దూరం నుంచే వినిపించింది. గొర్లను నీళ్లకు పిలిచే కూత, అదిలించే కూత, ఆగమనే కూత, అన్నీ జానమ్మ వేస్తోంది. ఎక్కడా తడబాటు లేదు. మామ నన్ను చూసి రాయి మీద నుంచి లేవకుండానే అన్నాడు:

“గోపమ్మా, చూసినవా? గొర్లను పిలిచేటప్పుడు యాడ ఆగుతలేదు. దాని నోరు బాగనే ఉంది. మన మాటలే బాగ లేవు. మాటలే మార్సుదాం.”

ముసలాయనకు ఎండ దెబ్బ తగిలిందనుకున్నాను. ఆయన మాత్రం నిజంగానే పనికి పూనుకున్నాడు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు చప్పుళ్లు ఏరడం మొదలుపెట్టాడు. రోజూ గొర్ల వెనక నడుస్తూ ఒక్కో చప్పుడు జానమ్మ చేత పలికించేవాడు. ఆగకుండా వస్తే ఉంచుకోవడం, ఆగితే తీసి పడేయడం. అట్లా మొట్టమొదట ప, బ, మ, వ పోయాయి. మీరు ఎంత సేపు విన్నా వాళ్ల భాషలో పై పెదవి కింది పెదవిని తాకదు. ఊ, ఓ కూడా పోయాయి, వాటికీ పెదవులు ముందుకు రావాలి కదా. ఆ, ఏ, ఈ మిగిలాయి. క, త మాటకు మొదట్లో వస్తే జానమ్మ ఆగేది, మధ్యలో వస్తే ఆగేది కాదు. అందుకని వాటిని మొదట్లో పెట్టకూడదని ఒక నియమం. ప్రతి మాటా ముందు ఊపిరితోనే మొదలు కావాలి, అంటే హ తోనో, సాగదీసిన స తోనో, నాలుక కొస ఆడించే ర్ర్ర్ తోనో.

వీటి మీద మన కూతలు చేరాయి. మేకపిల్లను పిలవడానికి నాలుక అంగిట్లో కొట్టి చేసే చప్పుడు ఒకటి. ఎద్దును అదిలించడానికి దవడ పక్కన చేసే చప్పుడు ఇంకొకటి. కారం తిన్నప్పుడు లోపలికి పీల్చే గాలి మరొకటి. ఇవన్నీ వాళ్ల భాషలో అక్షరాలే. ఒకే చప్పుడు పొట్టిగా పలికితే ఒక అర్థం, పొడుగ్గా పలికితే ఇంకో అర్థం, గుట్ట అవతలికి వినబడేంత సాగదీస్తే మరో అర్థం. చివర గొంతు పైకి లేస్తే అడుగుతున్నట్టు, కిందికి దిగితే చేయమన్నట్టు. అంగిట్లో రెండు దెబ్బలు కొట్టి “ఈ” అని దిగితే నీళ్లు తెమ్మని. అదే “ఈ” పైకి లేస్తే నీళ్లు ఉన్నాయా అని. దీన్ని మీరు పిచ్చి కూతలు అంటున్నారు. మన జానమ్మ మీదొట్టు, మీ మీదొట్టు, దానికి మన మాటలకున్నంత కట్టుబాటు ఉంది.

మనుషుల పేర్లు కూడా చప్పుళ్లే. నా పేరు చేట చెరిగే చప్పుడు, స్స్-స్స్-హ. గాజులమ్మే లాడ్లీ బేగం వాళ్ల మాటలు విని “అరె గోపమ్మా, నీ ఇంట్ల మనుషులున్నరా పిట్టలున్నయా?” అని నవ్వింది. ఆమెకూ వెంటనే ఒక పేరు పెట్టారు, ఆమె భుజాన మోసే గాజుల మలారం కదిలినట్టు ఉంటుంది. మీ పేరు సాగదీసిన ర్ర్ర్. గట్టిగా మొదలై మెల్లగా తగ్గుతూ తగ్గుతూ వినబడకుండా పోతుంది. ఆ పేరు ఎట్లా వచ్చిందో మీకు వేరే చెప్పను.

నాకు సంతోషం కావాలి కదా? పిల్ల నోరు విప్పింది, వాగులా మాట్లాడుతోంది. కానీ నాకు ఒళ్లు మండిపోయేది. బువ్వ దగ్గర తాతా మనుమరాలూ నాలుక కొడుతూ, గాలి పీలుస్తూ పడీపడీ నవ్వేవాళ్లు. నేను గరిటె పట్టుకుని చుట్టపుచూపుకు వచ్చినదానిలా నిలబడేదాన్ని. “ఏందే, నాకు జర చెప్పరాదు?” అంటే జానమ్మ చెప్పబోయి, మొదటి మాట దగ్గరే మూతి బిగుసుకుని, “లేదులే” అనేది. కన్నది నేను. దాని మాటంతా మా మామ మూటగట్టుకున్నాడు. నేర్చుకుందామని ఎంత ప్రయత్నం చేశానో ఎవరికీ తెలియదు. పొయ్యి దగ్గర కూర్చుని ఒకసారి నాలుక కొట్టి జానమ్మను పిలిస్తే దొడ్లో నుంచి మేకపిల్ల వచ్చింది, జానమ్మ రాలేదు. ఆ ర్ర్ర్ నాకు ఇప్పటికీ రాదు. పళ్ల మధ్య గాలి తప్ప ఏమీ రాదు.

పోయిన దసరా ముందు మామకు పక్షవాతం కొట్టిందని నేను రాసిన ఉత్తరం మీకు అందిందనే అనుకుంటున్నాను. కుడి చెయ్యి పడిపోయింది, మూతి ఒక పక్కకు జారింది. పెదవులు కలవవు. బువ్వ అనబోతే గాలి వస్తుంది, మల్లప్ప అని తన పేరు తాను చెప్పలేడు. వనపర్తి దవాఖానలో డాక్టరు చూసి ఇక మాట రాదన్నాడు. ఎంత పెద్దరికం చేసిన మనిషి, ఊరంతా వచ్చి చూసి కళ్లు తుడుచుకుని పోయారు. నేనూ మంచం కోడు పట్టుకుని ఏడుస్తున్నాను. జానమ్మ బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా తలాపున కూర్చుని ఏదో అడిగింది. మామ జవాబు చెప్పాడు. అది మళ్లీ అడిగింది, ఆయన మళ్లీ చెప్పాడు. నాకు ఏడుపు ఆగిపోయింది. పెదవులు అక్కర్లేని భాష కదా అది! జానమ్మ కోసమని ఆయన కట్టుకుంటూ పోయిన భాష చివరికి ఆయన ప్రాణానికే అక్కరకు వచ్చింది.

అప్పటి నుంచి ఆయన మాట బయటికి రావాలంటే జానమ్మ నోటి నుంచే రావాలి. గొర్లకు రోగం తగిలిందని, ఎండాకాలం మందను ఏ దిక్కు తోలాలని మనుషులు వస్తూనే ఉంటారు. మామ ఆ భాషలో చెప్తాడు, జానమ్మ తెలుగులో చెప్తుంది. ఆగుతుంది, తంటాలు పడుతుంది, కానీ ఎవరూ నవ్వరు. మల్లప్ప మాట కాబట్టి చేతులు కట్టుకుని అది పూర్తయ్యేదాకా కూర్చుంటారు. ఒకప్పుడు దాన్ని చూసి మూతి బిగించి ఆడిన పిల్లల తండ్రులే వాళ్లు. ఇదంతా బాగానే ఉంది గానీ పిల్ల బడి, మంచం, మంచం, బడి. ఆటలేదు పాటలేదు. దాని ఈడు పిల్లలు పోయేచోటికి ఇది పోదు. దాన్ని చూస్తే నాకు ఒక పక్క గర్వం, ఒక పక్క గుండె మంట.

ఇక హాస్టల్ సంగతి. ఏడో తరగతి పరీక్షల్లో జానమ్మే మొదట వచ్చింది. రాసేటప్పుడు దానికి ఏ అడ్డూ లేదు కదా. హెడ్మాస్టరు ఇస్రాయేలు సార్ పాలమూరు దాకా తిరిగి సీటు ఖాయం చేయించారు. మన ఊళ్లో ఏడు తర్వాత బడి లేదు. పోకపోతే దాని చదువు ఇక్కడితో సరి, ఆ తర్వాత గొర్ల వెంబడే. సార్ మొన్న మన ఇంటికి వచ్చారు. వాకిట్లో మామ మంచం పక్కన పీట వేశాను.

“మల్లప్పా, నీ మనుమరాలికి సీటు వచ్చింది. పది దాకా అక్కడనే చదువు, అక్కడనే తిండి. నువ్వు ఇంటికి పెద్దోనివి. నీ మాట లేకుండ తోలుకపోతే మంచిగుండదు. ఏమంటవ్?” అన్నారు.

మామ చాలాసేపు మాట్లాడాడు. నాలుక కొట్టాడు, గాలి పీల్చాడు, ఎడమ చెయ్యి అటూ ఇటూ ఊపాడు. సార్ జానమ్మ దిక్కు చూశారు. జానమ్మ లేచి నిలబడి, లంగా సర్దుకుని చెప్పింది:

“తాత పంపనంటుండు సార్. ముసలి పానం, మంచం మీద పడ్డ. మనుమరాలు పాలమూరు పోతే బువ్వ ముట్టను, మందు మింగను, బతకను అంటుండు. మీకు పుణ్యముంటది, మా పిల్లను మాకు విడిచిపెట్టుండ్రి అంటుండు.”

ఎక్కడా ఆగలేదు. ఆ మాటల్లో ఎన్ని ప లు, ఎన్ని బ లు, ఎన్ని మ లు ఉన్నాయో చూసుకోండి. ఒక్కటీ దాన్ని పట్టుకోలేదు. “ఎంత మంచిగ మాట్లాడినవే పిల్లా!” అని దాని వీపు తట్టారు. అంతలో మామ కర్రతో మంచం కోడు మీద టపటపా కొట్టి, మళ్లీ ఏదో గట్టిగా చెప్పాడు. జానమ్మ ఆయన దిక్కు చూడకుండానే, “తాతకు కోపమొస్తుంది సార్. ఇగ మళ్ల అడగకుండ్రి అంటుండు” అంది. సార్ లేచి నిలబడ్డారు. “పెద్దమనిషి మాట. నేనేం చేయగల్గుత? నెలాఖరు దాక సీటు ఆపుత, ఆ తర్వాత వేరే పిల్లకు పోతది” అని నాకు చెప్పి వెళ్లిపోయారు.

ఇప్పటిదాకా మీకు చెప్పని సంగతి ఇదిగో. మీకే కాదు, ఎవరికీ చెప్పలేదు. ఆ భాష నా నాలుకకు రాదు గానీ నా చెవికి వచ్చు. ఎన్ని ఏళ్లుగానో పొయ్యి దగ్గరా చేట దగ్గరా వింటున్నాను. మొదట ఒకటీ అరా తెలిసేది, మెల్లగా అంతా తెలిసిపోయింది. తెలిసిందని చెప్తే నా ముందు మాట్లాడడం మానేస్తారేమోనని చెప్పలేదు. వినడం ఒక్కటే కదా నాకు దక్కింది, అదీ పోతే ఎట్లా? అందుకని ఏమీ తెలియనిదానిలా గరిటె తిప్పుకుంటూ కూర్చున్నాను.

మామ ఆ రోజు సార్‌తో అన్న మాటలు ఇవి. “పంపుండ్రి సార్, రేపే తోలుకపోండ్రి. నాకు సైగ చాలు. నా మంచానికి దాన్ని కట్టెయ్యొద్దు. అది ముందటికి పోవాలె.” కర్ర కొట్టి అన్నది, “అబద్ధం చెప్తుంది సార్, నా మాట అది కాదు” అని. ఆయన చెవులకు ఏమైంది? తెలుగు బాగా వింటాడు. తన మాటను మనుమరాలు తలకిందులు చేసి చెప్తుంటే వింటూ, అది కాదని చెప్పడానికి మళ్లీ ఆ మనుమరాలి నోరే దిక్కై, ఆ ముసలాయన పడిన అవస్థ నేను కళ్లారా చూశాను. సార్ గడప దాటుతుంటే ఆయన నా దిక్కు చూశాడు. నాకు అర్థమైందని ఆయనకు తెలుసని అప్పుడు తెలిసింది. నేను తల వంచుకున్నాను.

ఎందుకు నోరు మెదపలేదని అడుగుతారు. అడగండి, నేనే నన్ను వంద సార్లు అడుక్కున్నాను. నా బిడ్డ ఏడేళ్లలో మొదటిసారి నలుగురిలో గలగలా తెలుగు మాట్లాడింది. “అది అబద్ధం” అని మధ్యలో అనడానికి నాకు మనసు రాలేదు. అంతేనా అంటే, అంతే కాదు. అది పాలమూరు పోతే ఈ ఇంట్లో నాకు మాత్రం ఎవరున్నారు? దాని అబద్ధం నాకూ పనికొచ్చింది. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. అంతా మీ కోసమే చేస్తున్నానని మీరు ప్రతి ఉత్తరంలో రాస్తారు కదా, నేను మాత్రం నా కోసం ఊరుకున్నాను.

మర్నాడు తొట్టి దగ్గర మేకలకు నీళ్లు పోస్తుంటే దాన్ని పట్టుకున్నాను. “తాత ఏమన్నడో నాకు తెలుసు జానమ్మా. పంపుండ్రి అన్నడు. నువ్వెందుకట్ల చెప్పినవ్?” అన్నాను.

చేతిలో చెంబు జారిపోయింది. దాన్ని తీయకుండానే నా దిక్కు తిరిగింది. తర్వాత మాట్లాడింది. తెలుగులో కాదు, ఆ భాషలో, నాతో! మాట ఆగడం మొదలయ్యాక నా బిడ్డ నాతో మొట్టమొదటిసారి ఎక్కడా ఆగకుండా మాట్లాడింది. ఏడుస్తూనే మాట్లాడింది. నేను తెలుగులో అడిగాను, అది అందులో జవాబు చెప్పింది. చెప్పింది ఏమిటో మీకు తెలుగులో రాస్తున్నాను.

“నేను పోతే బాపు ఉత్తరం తాతకు ఎవరు చదువుతరు?” అంది.

“నేను చదువనా? ఏడో తరగతి నేను చదవలేదా?” అన్నాను.

“నువ్వు ఉన్నదే చదువుతవ్” అంది.

నాకు మొదట తలకెక్కలేదు. మెల్లగా బయటికి లాగితే వచ్చింది. మీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ, నేను కూలికి పోయాక, జానమ్మ మంచం పట్టె మీద కూర్చుని తాతకు చదివి వినిపిస్తుందట. మీరు రాసిన మేకలూ గోడలూ అయిపోయాక, అక్కడి నుంచి మీరు రాయనిది చదువుతుందట. నాయినా, మోకాలు నొప్పి ఎట్లుంది? నాయినా, మందు టయానికి మింగుతున్నవా? నాయినా, గొంగడి పాతబడ్డదా, బొంబాయి నుంచి కొత్త దుప్పటి తేనా? ఇట్లా. మీరు పోయిన కొత్తల్లో, అక్షరాలు కూడబలుక్కుంటున్న నాటి నుంచీ ఇదే పని. తాతకు చదువు రాదు, కాగితం తిప్పి చూసుకుని నెత్తికి ఆనించుకుంటాడట. పక్షవాతం వచ్చాక వచ్చిన మీ మొదటి ఉత్తరంలో ఆయన గురించి అక్షరం ముక్క లేదు. దానిలో నుంచి జానమ్మ, మీరు బొంబాయిలో ఏడుస్తున్నారని చదివిందట. అది పాలమూరు పోతే ఇవన్నీ ఉత్తరాల్లో నుంచి మాయమైపోతాయని, తాతకు తెలిసిపోతుందని దాని భయం. చదువు పోయినా సరే అనుకుంది. పన్నెండేళ్ల పిల్ల!

నేను తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. చివరికి మీ మీదనే తెచ్చుకున్నాను, అందుబాటులో లేరు కాబట్టి.

తర్వాత మామ దగ్గరికి పోయి కూర్చున్నాను. “మామా, నువ్వు మాట్లాడేది నాకు తెలుస్తది. చానా దినాల సంది తెలుస్తది. ఇక మీదట నీ మాట నేను చెప్త” అన్నాను. ఆయన ఒక పక్క మూతితో నవ్వాడు. నాకు ఎప్పటి నుంచో తెలుసులే అన్నాడు. జానమ్మ చదివే ఉత్తరాల సంగతి నేను ఎత్తలేదు.

సాయంత్రం జానమ్మను అడిగాను. “మీ బాపు నిజంగనే తాతకు ఉత్తరం రాస్తే పాలమూరు పోతవా?” అని. మేకపిల్ల చెవి నిమురుతూ, తెలుగులో, మళ్లీ పెదవులు బిగుసుకుని తంటాలు పడుతూ, “బా... బాపు రాయడు” అంది. “రాస్తే?” అన్నాను. “రాస్తే పోత” అంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మొన్న మాఘంలో మీ ఉత్తరం వచ్చినప్పుడు జానమ్మ కొంచెం ఎక్కువే చదివిందట. “నాయినా, నా మీద నీ కోపం పోయిందా?” అని మీరు అడిగినట్టు చదివింది. మామ ఆ పూట తిండి తినలేదట. సందె వేళకు దాన్ని దగ్గరికి పిలిచి జవాబు రాయమని చెప్పాడట. అది రాసినట్టే నటించి రాయలేదు, రాస్తే మీకు తెలిసిపోతుంది కదా. కానీ ఆ మాటలు అది మరిచిపోలేదు. నాకు చెప్పింది. అవి మీకు చేరవలసినవి కాబట్టి నేను రాస్తున్నాను, ఒక్క మాట కూడా కలపలేదు:

“నాకు నీ మీద కోపమేంది బిడ్డా. ఆ రోజు నువ్వు నిద్రపోలేదు. లారీ దూరముంది కదా అని తొందరపడి, దాటమని కూత ఏసింది నేనే. గొర్లు నా కూత విని దాటినయ్. నలుగురిల నా తప్పు ఒప్పుకోవడానికి నామోషీ అయ్యి నీ మీద ఏసిన. నువ్వు కోపం తీసెయ్, బిడ్డా.”

మీరు అడగలేదు, ఆయన మాత్రం జవాబు చెప్పాడు. ఇది చదివాక ఏం చేస్తారో నాకు తెలియదు. రమ్మని నేను అడగను, సెలవు దొరకదని రాస్తారు. ఒక కార్డు కొనండి. మీ నాయిన పేరు మీద రాయండి. బాగున్నవా అని రాసినా సరే, కడుపు మండితే తిట్టి రాసినా సరే, మీ చేత్తో రాయండి. నెలాఖరులోగా అందాలి. ఈసారి జానమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఉత్తరం నేనే పైకి చదువుతాను. నేను ఉన్నదే చదువుతాను.

ఇట్లు
మీ ఇంటి కోడలు, మీ జానమ్మ తల్లి
గోపమ్మ